తొలి కథ తేదీ ఎందుకు మారింది?

భోగాపురం నుంచి లోపలికి తిరిగితే విజయనగరం, హైవే మీదే పోతే శ్రీకాకుళం. గురజాడ అప్పారావు విజయనగరంలో ఉండి రాశారు. శ్రీకాకుళంలో కథానిలయం (కథల గ్రంథాలయం) ఉంది. సాహిత్య చరిత్ర ఎలా తయారవుతుందో ఈ రెండు ఊళ్ళతోనే చెప్పుకోవచ్చు.

మనం బడిలో చదివింది యుగ విభజన (కాలాన్ని పేర్లు పెట్టి విడదీయడం). నన్నయ యుగం, ప్రబంధ యుగం వగైరా. పరీక్షలకి అది చాలు. చరిత్రకారుడు మాత్రం ఏ రచన ఎప్పుడు, ఏ పత్రికలో అచ్చయింది, దాన్ని ఎవరు చదివారు అన్నది తేల్చుకోవాలి.

గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. పాటకచేరీల మోజులో పొద్దుపోయి ఇల్లు చేరే మొగుడికి ఆ రాత్రి భార్య కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. పుట్టింటికి వెళ్ళిపోయిందనుకుని కంగారుపడతాడు. ఆవిడ మంచం కిందే ఉంది! చాలాకాలం పాటు తెలుగులో తొలి కథానిక (ఆధునికమైన చిన్న కథ) ఇదేనన్నారు.

కానీ భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’లో అచ్చయింది. అందులోనూ భర్తను దిద్దేది భార్యే. మరి ఎనిమిదేళ్ళ ముందటి కథ లెక్కలోకి ఎందుకు రాలేదు? అచ్చమాంబ 1905లోనే, చిన్న వయసులో పోయారు. పైగా అది స్త్రీల పత్రిక. పుస్తకాన్ని బీరువాలో దాస్తాం, పాత పత్రికను తూకానికి వేస్తాం. కథలు మొదట పుట్టేది పత్రికల్లోనే కాబట్టి, సంచిక పోతే కథా పోయినట్టే.

ఈ నష్టాన్ని ఆపడానికే ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం తెరిచారు. తనకొచ్చిన పురస్కారాల సొమ్ము అందులో పెట్టారు. కథల పుస్తకాలతో పాటు పాత సంచికలూ అక్కడ చేరాయి. ఏ కథ ఏ నెలలో వచ్చిందో సరిచూసుకునే వీలు కలిగింది.

తేదీ మారినంత మాత్రాన ‘దిద్దుబాటు’ చిన్నదైపోదు. దాని బలం సంభాషణలో, కొసమెరుపులో ఉంది. నా మట్టుకు, ‘తొలి’ అన్న బిరుదు కోసం తగువులాడేకంటే రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదవడం మేలు. ఈలోగా వెతుకులాట ఇంకా వెనక్కి పోయింది. ‘దిద్దుబాటు’కి ముందు వచ్చిన 92 కథల్ని వివినమూర్తి ‘దిద్దుబాటలు’ పేరుతో ఒకచోట చేర్చారు.