తక్కువ ఖర్చు గేమింగ్ కంప్యూటర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపిక

మీరు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఒక పాత కంప్యూటర్ కొని, చదువుతోపాటు ఆటలకూ వాడాలనుకుంటున్నారనుకోండి. ముందుగా మీరు ఆడదలచిన ఆటల జాబితా రాసుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపిక దానిపైనే ఆధారపడుతుంది.

విండోస్: ఎక్కువ ఆటలు దీనికోసమే తయారవుతాయి. వాలొరెంట్‌లో మోసాలను అడ్డుకునే ప్రోగ్రామ్ లైనక్స్‌పై పనిచేయదు. కనుక ఆ ఆటకు విండోస్ తప్పనిసరి. అయితే విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, అనుమతించిన ప్రాసెసర్ ఉండాలి. పాత యంత్రాల్లో చివరి రెండూ లేకపోవచ్చు. డబ్బు చెల్లించకముందే పరిశీలించండి. దొంగ కాపీ వాడకండి. పరీక్ష ఫీజు కట్టే బ్యాంకు వివరాలు కూడా మీరు అదే కంప్యూటర్‌లో నమోదు చేస్తారు.

లైనక్స్: ఉబుంటు, మింట్ ఉచితం. డోటా 2, కౌంటర్-స్ట్రైక్ 2 వీటిపై నేరుగా నడుస్తాయి. వాల్వ్ సంస్థ 2018లో విడుదల చేసిన ప్రోటాన్ ద్వారా అనేక విండోస్ ఆటలు కూడా ఆడవచ్చు. లైసెన్సుకయ్యే డబ్బుతో ర్యామ్ పెంచుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, శబ్దం పనిచేస్తున్నాయో లేదో దుకాణంలోనే చూడవచ్చు. కొల్లేరు లంక గ్రామాల్లో మొబైల్ డేటాపై ఆధారపడేవారు పెద్ద ఫైళ్లను పట్టణంలోనే దించుకోవడం మేలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: టీపీఎం 2.0 లేని కంప్యూటర్‌లో డోటా 2 మాత్రమే ఆడదలచిన విద్యార్థికి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ సూచిస్తారు? ఎందుకు?