జన్యు పరిశోధనకు ధర్మపరీక్ష

మనుష్యులపై జరుగు వైద్య పరిశోధనను ఎథిక్స్ కమిటీ ముందుగా పరిశీలించి అనుమతింపవలెనను నియమము నేడు లోకమంతట నెలకొన్నది. పరిశోధన ఒక్క ఆసుపత్రికి పరిమితమై యున్నంత కాలము ఆ ఆసుపత్రి కమిటీయే చాలును. కాని జన్యు పరిశోధన స్వభావము వేరు. 2020లో ఆరంభమైన జీనోమ్ ఇండియా ప్రణాళికలో బెంగుళూరి భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదు సీసీఎంబీ మొదలుగా 20 సంస్థలు చేరి 10,000 మంది జన్యుక్రమములను సమకూర్చినవి. ఇట్టి మహాకార్యమున ప్రతి సంస్థయు వేర్వేరుగ విచారణ జరిపినచో కాలహరణ మగుట యటుండగా, ఒక్కొక్క కమిటీ సమ్మతిపత్రము నొక్కొక్క తీరున దిద్దుటచే, ఈ వ్యాధి పరిశోధనకే యని యొక దాతకును, భావి పరిశోధనలన్నిటికిని అని మరియొకరికిని మాట ఇచ్చి, తుదకు ఇరువురి సమాచారమును ఒకే భాండారమున చేర్చు విపరీతము సంభవింపవచ్చును.

అందుచేతనే అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు తాము ధనమిచ్చు బహుకేంద్ర పరిశోధనలకు 2018 జనవరి నుండి ఒకే కమిటీ పరిశీలనను విధించినవి. మన భారత వైద్య పరిశోధన మండలియు 2017 నాటి మార్గదర్శకములలో ఉమ్మడి పరిశీలనకు అవకాశము కల్పించి, తమ చోటికి ప్రత్యేకములైన విషయములను విచారించు హక్కును స్థానిక కమిటీలకు నిలిపియుంచినది.

కాని కమిటీ స్థానికమైనంత మాత్రమున చాలదని హవసుపాయి ప్రజల వృత్తాంతము తెలుపును. అరిజోనా రాష్ట్రమున గ్రాండ్ కాన్యన్ లోతట్టున వసించు ఈ చిన్న ఆదివాసి జాతివారు, మధుమేహము తమ్ము పీడించుచుండుటచే, దానికి ఉపశమనము దొరకునను ఆశతో 1990 మొదలుకొని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు రక్తమిచ్చిరి. ఆ రక్తమునే స్కిజోఫ్రీనియా పరిశోధనకును, ఆ జాతి పూర్వులు ఎచటినుండి వలసవచ్చిరను విచారణకును వాడిరి. ఆ లోయయే తమ జన్మస్థానమని నమ్మువారి కంతకంటె మనస్తాప మేమున్నది? సమ్మతిపత్రమున 'వైద్య, ప్రవర్తన సంబంధమైన రుగ్మతలు' అను విశాల పదములుండెను గనుక కాగితము చూచినవారికి దోషము తోపదు. అయినను 2010లో విశ్వవిద్యాలయము ఆ జాతివారికి 7,00,000 డాలర్లిచ్చి, మిగిలిన రక్తమును తిరిగి యప్పగించెను.

కమిటీ అదే రాష్ట్రముననే యున్నను ఇట్లు జరిగినది గనుక, కమిటీలు అనేకములా, ఒకటియా అనుదానికంటె, రక్తమిచ్చు ప్రజలలో నొకరు ఆ సభలో కూర్చుండి మాటాడగలుగుట ముఖ్యమని నా దృఢాభిప్రాయము. ఒకే కమిటీ యుండవలసినదే. అందు వారికి స్థానము తప్పక యుండవలెను.

పాఠకులు రక్తమిచ్చుటకు పూర్వము, నమూనా నెంతకాలము దాచెదరో, మనసు మారినచో తిరిగి తీసికొనవచ్చునో లేదో అడిగి తెలిసికొని, సమ్మతిపత్రముపై ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరున్నదా యని చూచుకొందురుగాక.