దాయాదుల పోరు – రాజ్యాల పతనం

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల నడుమ గల డెల్టా సీమలో చందవోలు అనే గ్రామం ఉంది. లింగోద్భవ స్వామి ఆలయంతో ప్రసిద్ధి చెందిన ఈ ఊరు ఒకనాడు వెలనాటి చోడుల రాజధాని. వీరు తొలుత చాళుక్య చోళ చక్రవర్తులకు సామంతులు. చక్రవర్తుల పట్టు సడలిన కొద్దీ 12వ శతాబ్దిలో తీరాంధ్రంలో బలమైన ప్రభువులుగా ఎదిగారు. పల్నాటి యుద్ధ చరిత్రతో ఈ వంశానికి దగ్గరి సంబంధం ఉంది.

హైహయ వంశీయుడైన అనుగురాజు వెలనాటి ఆడపడుచు మైలమాదేవిని వివాహమాడి, పల్నాటిని అరణంగా పొందాడని వీరగాథ చెబుతుంది. మైలమ కుమారుడు నలగామరాజు. సవతి కుమారుడు మలిదేవరాజు. అన్నదమ్ముల నడుమ విభేదాలు ముదరడంతో రాజ్యం రెండయింది. గురజాలలో నలగాముడు, మాచర్లలో మలిదేవుడు పాలకులయ్యారు. గురజాల పక్షాన నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. బ్రహ్మనాయుడు చాపకూటి ద్వారా అన్ని కులాలవారిని ఒకే పంక్తిన కూర్చుండబెట్టిన సంస్కర్త.

కోడిపందెంలో ఓడిన మలిదేవుని పక్షం ఒప్పందం ప్రకారం ఏడేండ్లు అరణ్యవాసం చేసింది. గడువు తీరిన పిమ్మట తమ భాగం కోరుతూ అలరాజును రాయబారిగా పంపింది. అతడు నలగామునికి అల్లుడు కూడా. తిరుగు ప్రయాణంలో అతనిపై విషప్రయోగం జరిగింది. దానితో సంధికి దారి మూసుకుపోయింది. 1180 ప్రాంతంలో నాగులేటి ఒడ్డున కారెంపూడి వద్ద జరిగిన పోరులో బాలచంద్రుడు మొదలైన వీరులు నేలకొరిగారు. బ్రహ్మనాయుడు చివరకు రాజ్యాన్ని నలగామునికే అప్పగించి గుత్తికొండ బిలానికి వెళ్ళిపోయాడని గాథ చెబుతుంది.

ఇటువంటి దాయాదుల పోరు ఇంగ్లండులోనూ జరిగింది. మూడవ ఎడ్వర్డ్ సంతతికే చెందిన లాంకాస్టర్, యార్క్ వంశాలు 1455 నుండి 1485 వరకు పోరాడాయి. వాటినే గులాబీల యుద్ధాలంటారు. అక్కడ రాజుకు తోడు పార్లమెంటు ఉండేది. 1265 లోనే పట్టణాల ప్రతినిధులు కూడా అందులో పాల్గొన్నారు. 1460లో ఆ పార్లమెంటు ఒక రాజీ కుదిర్చింది. ఆరవ హెన్రీ జీవించినంతకాలం రాజు. అనంతరం సింహాసనం యార్క్ ప్రభువైన రిచర్డ్‌కు చెందుతుంది. తన కుమారుని హక్కు పోవడాన్ని రాణి మార్గరెట్ అంగీకరించలేదు. ఆ ఏడాది డిసెంబరులోనే రిచర్డ్ యుద్ధంలో మరణించాడు. ఒప్పందం కాగితానికే పరిమితమైంది.

ఈ రెండు గాథలను పోల్చి చూస్తే ఒక సత్యం గోచరిస్తుంది. పల్నాటిలో ఒప్పందం పందెం మీద, మాట మీద ఆధారపడింది. ఇంగ్లండులో అది శాసనసభ తీర్మానం. అయినా రెండుచోట్లా దానిని అమలు జరిపే శక్తి ఎవరి చేతిలోనూ లేదు. తీర్పు చెప్పడం ఎంత అవసరమో, ఓడినవాడు కూడా తలవంచేటట్లు ఆ తీర్పును నిలబెట్టడం అంతకన్న అవసరం.

అంతఃకలహం ఫలితం వెలనాటి వారికీ తప్పలేదు. పల్నాటి పోరులో వారు నలగాముని పక్షం వహించారు. యుద్ధానంతరం వారి ప్రాభవం క్షీణించింది. 13వ శతాబ్ది తొలి దశాబ్దాలలో కాకతీయ గణపతిదేవుడు వెలనాటిని తన రాజ్యంలో కలుపుకొన్నాడు. నేటికీ కారెంపూడిలో కార్తీకమాసాన వీరారాధన జరుగుతుంది. ఆ వీరుల శౌర్యాన్ని స్మరించే మనం, వారిని బలిగొన్న కలహాన్ని కూడా మరువరాదు.