విమానాల నుంచి బడికి దిగిన ఒప్పందం

1980ల్లో ఒక విమానయాన సంస్థ బోయింగ్ దగ్గర కొన్ని విమానాలు, ఎయిర్‌బస్ దగ్గర కొన్ని, మెక్‌డొనెల్ డగ్లస్ దగ్గర మరికొన్ని కొన్నదనుకోండి. విమానాలతో పాటే పైలట్లకు, మెకానిక్కులకు నేర్పే కంప్యూటర్ పాఠాలూ వచ్చేవి. ఏ కంపెనీ పాఠం ఆ కంపెనీ చెప్పిన కంప్యూటర్ మీదే నడిచేది. ఒకరి పాఠాన్ని తీసుకెళ్లి ఇంకొకరి యంత్రంలో పెడితే నడవదు. మూడు కంపెనీల విమానాలు కొన్న పాపానికి శిక్షణ గదిలో మూడు రకాల యంత్రాలు పెట్టుకోవాలి, మూడింటినీ బాగుచేసే మనుషుల్ని వెతుక్కోవాలి.

ఈ ఖర్చు మోయలేకే 1988లో ఆ రంగం వాళ్లంతా కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారు. పేరు ఏవియేషన్ ఇండస్ట్రీ సీబీటీ కమిటీ. సీబీటీ అంటే కంప్యూటర్ ఆధారిత శిక్షణ. పొడుగు పేరు ఎవరూ పలకలేదు, ఏఐసీసీ అనే అందరి నోళ్లలో నిలిచింది. ఇవాళ మన బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, కాలేజీల్లో ఆన్‌లైన్ కోర్సు ముగియగానే ‘కంప్లీటెడ్’ అని ఒక గుర్తు పడుతుందే, దాని వంశవృక్షానికి మూలపురుషుడు ఈ కమిటీయే. ఆ వంశంలో అందరికంటే పేరు తెచ్చుకున్నది స్కార్మ్. దాన్ని వాడేవాళ్లు కోట్లలో ఉన్నా పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందుకే దాని కథ చెప్పాలనిపించింది.

కమిటీ మొదట యంత్రాల సంగతి, ఆడియో కార్డుల సంగతి తేల్చింది. 1993లో అసలు విషయానికి వచ్చింది. పాఠం ఒకరు తయారుచేస్తారు. ఎవరు ఏ పాఠం చదివారో, ఎన్ని మార్కులొచ్చాయో రాసుకునే సాఫ్ట్‌వేర్ మరొకరు తయారుచేస్తారు. ఇవి ఒకదాన్నొకటి ఎరగవు. మరి వీటి మధ్య కబురు ఎలా నడవాలి? కమిటీ చూపించిన దారి చాలా సాదాసీదాది. పాఠం తెరవబోయే ముందు లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక టెక్స్ట్ ఫైలు రాసి పెడుతుంది. విద్యార్థి పేరు, గుర్తింపు సంఖ్య, కిందటిసారి ఎక్కడ ఆపాడన్నది అందులో ఉంటాయి. పాఠం దాన్ని చదువుకుని మొదలవుతుంది. ముగిశాక మార్కులు, పట్టిన సమయం, పూర్తయిందా లేదా అన్నది తనూ ఒక ఫైల్లో రాసి పెట్టి తప్పుకుంటుంది. ఎవరైనా తెరిచి చదువుకోగలిగిన ఫైలు అది. ఈ లెక్కల వ్యవహారానికి వాళ్లు పెట్టుకున్న పొడి పేరు ‘సీఎమ్‌ఐ’. ఈ మూడక్షరాలూ కాస్త గుర్తుంచుకోండి.

1990ల చివరికి పాఠాలు వెబ్ మీదికెక్కాయి, దాంతో పాత చిక్కు పదింతలైంది. అందరికంటే ఎక్కువ నలిగింది అమెరికా సైన్యం. ఒకే విషయం మీద ఆర్మీ ఒక కోర్సు, నేవీ ఒక కోర్సు, వైమానిక దళం ఒక కోర్సు. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. 1997లో రక్షణ శాఖ, వైట్‌హౌస్ శాస్త్ర సాంకేతిక విభాగం కలిసి అడ్వాన్స్‌డ్ డిస్ట్రిబ్యూటెడ్ లెర్నింగ్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి, పొట్టిగా ఏడీఎల్. 1999 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ జారీ చేసిన ఉత్తర్వు ఫెడరల్ ప్రభుత్వ శిక్షణ సాఫ్ట్‌వేర్‌కు ప్రమాణాలు తేల్చే పనిలో రక్షణ శాఖను ముందు నిలబెట్టింది.

ఇక్కడ ఏడీఎల్ చేసిన ఒక పనిని మెచ్చుకోకుండా ఉండలేను. చేతిలో అధికారం ఉంది, డబ్బుంది. అంతా కొత్తగా తామే రాస్తామని కూర్చోవచ్చు. కూర్చోలేదు. విమానాల కమిటీ దగ్గర మాటామంతీ పద్ధతి తీసుకున్నారు. అమెరికా విశ్వవిద్యాలయాల చొరవతో పుట్టిన ఐఎమ్‌ఎస్ అనే సంఘం దగ్గర పాఠాలను మూటకట్టే పద్ధతి తీసుకున్నారు. ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈలో తయారవుతున్న పాఠాల వివరాల పట్టికను తీసుకున్నారు. వీటన్నిటినీ కలిపి ఎలా వాడాలో చెప్పే ఒక నమూనా రాశారు. 2000 జనవరిలో దాని తొలి రూపం, స్కార్మ్ 1.0, వెలువడింది.

దీని ప్రధాన రూపశిల్పి ఫిలిప్ డాడ్స్. అంతకుముందు ఆయన ఏఆర్‌పీ అనే సింథసైజర్ల కంపెనీలో ఇంజనీరు. 1977లో వచ్చిన స్పీల్‌బర్గ్ సినిమా ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్’ చివర్లో గ్రహాంతర నౌకతో మనుషులు అయిదు స్వరాలతో మాట్లాడతారు. అక్కడ సింథసైజర్ ముందు కూర్చుని కనిపించేది డాడ్సే. యంత్రాన్ని సెట్లో బిగించడానికి వెళ్లిన మనిషికి స్పీల్‌బర్గ్ వేషం ఇచ్చాడు. ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దరు కొద్దిపాటి స్వరాల మీద ఒప్పందానికి రావడం ఆ సన్నివేశం. పాతికేళ్లు తిరక్కుండానే ఆయన అచ్చంగా అదే పని సాఫ్ట్‌వేర్లకు చేసిపెట్టాడు. 2007లో కన్నుమూశాడు.

స్కార్మ్ ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. కోర్సంతా ఒక జిప్ ఫైలు. పేజీలు, బొమ్మలు, వీడియోలు ఎన్నున్నా, వాటితో పాటు ‘ఐఎమ్‌ఎస్ మానిఫెస్ట్’ అనే ఎక్స్ఎమ్ఎల్ ఫైలు ఒకటి తప్పనిసరి. మూటలో ఏమేం ఉన్నాయి, ఏది ముందు, ఏది తర్వాత, ముందుగా ఏ పేజీ తెరవాలి అన్నదంతా అందులో ఉంటుంది. అది జిప్‌లో అన్నిటికంటే పైన ఉండాలి. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లకు మొదట తగిలే దెబ్బ ఇదే. లోపలి ఫైళ్లను ఎంచి జిప్ చేయాల్సింది, ఫోల్డర్‌నే జిప్ చేసేస్తారు. మానిఫెస్ట్ ఒక మెట్టు కిందికి పోతుంది, అప్‌లోడ్ ఫెయిల్ అవుతుంది.

జిప్ ఎక్కించాక విద్యార్థి పాఠం మీద నొక్కుతాడు. బ్రౌజర్‌లో పాఠం తెరుచుకుంటుంది. దాన్ని తెరిచిన ఎల్‌ఎమ్‌ఎస్, అంటే కోర్సులూ హాజరూ మార్కులూ చూసుకునే సాఫ్ట్‌వేర్, ఎవరిదో పాఠానికి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. పాఠం ఏపీఐ అనే పేరుతో ఒక వస్తువు కోసం వెతుకుతుంది. తనను పట్టుకున్న బ్రౌజర్ కిటికీలో (విండోలో) చూస్తుంది, లేకపోతే దాని పై కిటికీలో, ఇంకా పైదాంట్లో. జాతరలో తప్పిపోయిన పిల్ల అమ్మ ఎర్రచీర కోసం వెతికినట్టు, ఆ ఒక్క గుర్తు పట్టుకుని వెతుకుతుంది. దొరికిందా, ఇక మాటలు మొదలు. వాడే ఆజ్ఞలు మొత్తం ఎనిమిదే. మొదలుపెట్టు, ఫలానా వివరం చెప్పు, ఫలానా వివరం రాసుకో, భద్రం చెయ్యి, ముగించు. మిగిలిన మూడూ ఎక్కడైనా తప్పు జరిగితే అదేమిటని అడగడానికి. అడిగే వివరాల పేర్లు దాదాపు అన్నీ ‘సీఎమ్‌ఐ’ అనే మొదలవుతాయి, విమానాల కమిటీ పెట్టిన ఆ మూడక్షరాలతోనే. విద్యార్థి పేరు అడిగితే ఇంటిపేరు ముందు, కామా, ఆ తర్వాత అసలు పేరు వస్తాయి. మన పద్ధతే!

2001 అక్టోబరులో వచ్చిన 1.2తో స్కార్మ్ లోకమంతా పాకింది. 2006లో అమెరికా రక్షణ శాఖ తన కోర్సులకు స్కార్మ్ వాడాలని నిబంధన పెట్టింది. అంత పెద్ద కొనుగోలుదారు పట్టుబడితే అమ్మేవాళ్లు కాదనలేరు.

అయితే 1.2లో ఇరుకులు చాలా ఉన్నాయి. విద్యార్థి పరిస్థితి చెప్పడానికి ఒక్కటే గడి. అందులో ఒకసారికి ఒక్క మాటే రాయాలి: పాసయ్యాడు, ఫెయిలయ్యాడు, పూర్తిచేశాడు, అసంపూర్తి, చూసి వదిలేశాడు, మొదలే పెట్టలేదు. పాఠమంతా చదివి పరీక్షలో తప్పినవాడి మాటేమిటి? పూర్తయిందని రాస్తే తప్పిన సంగతి పోతుంది, తప్పాడని రాస్తే చదివిన సంగతి పోతుంది. ఆపిన చోటు గుర్తుపెట్టుకోవడానికి ఇచ్చిన జాగా 4,096 అక్షరాలు. కోర్సు పెద్దదైతే అది నిండిపోతుంది. రెండు గంటలు చదివి ఆపి, మర్నాడు తెరిస్తే కోర్సు మళ్లీ మొదటికొచ్చిన అనుభవం మీకుంటే, కారణాల్లో ఇదొకటి కావచ్చు.

ఇవన్నీ సరిచేస్తూ స్కార్మ్ 2004 వచ్చింది. పూర్తిచేయడానికి ఒక గడి, పాసవడానికి వేరే గడి. మూడో ఎడిషన్‌కు వచ్చేసరికి 64,000 అక్షరాల జాగా. పైగా, ఈ పరీక్షలో తప్పితే ఈ పాఠానికి పంపు, పాసైతే అది దాటించు అనే నియమాలన్నీ కోర్సులోనే రాసే ఏర్పాటు. కాగితం మీద చాలా బాగుంది. కాని ఆ నియమాలు ఎంత జటిలమంటే, వాటిని తప్పు లేకుండా అమలు చేయడానికి ఎల్‌ఎమ్‌ఎస్ రాసేవాళ్లు తలలు పట్టుకున్నారు. మన కాలేజీలు చాలావాటిలో కనిపించే మూడుల్ అనే ఎల్‌ఎమ్‌ఎస్ కూడా 1.2నే పూర్తిగా పట్టించుకుంది గాని 2004ని కాదు. 2009లో నాలుగో ఎడిషన్‌తో దాని ఎదుగుదల ఆగింది. పాత 1.2 మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఒక బృందం కొద్ది వారాల్లో చదివి అమలు చేయగలిగేంత చిన్నది కావడమే దాని బలమని నా అభిప్రాయం. ప్రమాణం రాసేవాళ్లు అందులో ఏం వదిలేయాలో తెలుసుకోవడం చాలా అవసరం.

స్కార్మ్ మీద అసలు ఫిర్యాదు వేరే ఉంది. అది బ్రౌజర్‌లో తెరిచిన పాఠాన్ని మాత్రమే చూడగలదు. ప్రయోగశాలలో చేసిన పని, పొలంలో చూసి నేర్చుకున్నది, స్నేహితుడితో వాదించి తెలుసుకున్నది దాని లెక్కలోకి రావు. మార్కులు పంపే మాటలన్నీ విద్యార్థి బ్రౌజర్‌లోనే నడుస్తాయి కాబట్టి, కొంచెం ప్రోగ్రామింగ్ తెలిసినవాడు చదవకుండానే నూటికి నూరు రాయించుకోగలడు. అందుకే నిజమైన పరీక్షలకు దాన్ని నమ్ముకోకూడదు. పైగా లెక్కకు వచ్చేదే చదువనుకునే అలవాటు సంస్థలకు పట్టుకుంది. ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతే చాలు, పూర్తయినట్టే. భద్రత మీద, మహిళా ఉద్యోగుల రక్షణ మీద ఉన్న ఎన్ని కోర్సుల్ని మనవాళ్లు ఇలా దాటేయడం లేదు? ఇది స్కార్మ్ దోషమని నేననుకోను. పూర్తయిన శాతం తప్ప మరేదీ అడగని యాజమాన్యాల దోషం.

2010లో ఏడీఎల్ ఈ ఇరుకులోంచి బయటపడే దారి వెతకమని రస్టిచీ సాఫ్ట్‌వేర్ అనే అమెరికన్ కంపెనీకి పని అప్పగించింది. దానికి టిన్ క్యాన్ ప్రాజెక్టు అని పేరు పెట్టారు. 2013లో ఎక్స్‌ఏపీఐగా వెలువడింది, 2023లో ఐఈఈఈ ప్రమాణమైంది. ఇందులో ప్రతి అనుభవం ఒక చిన్న వాక్యం: ఎవరు, ఏం చేశారు, దేన్ని. ‘సరళ పూర్తిచేసింది ఆమ్లక్షార ప్రయోగం.’ ‘రహీం చూశాడు ఇంజను విప్పే వీడియో.’ ఈ వాక్యాలు ఫోన్ నుంచైనా రావచ్చు, సిమ్యులేటర్ నుంచైనా రావచ్చు. అన్నీ ఒక రికార్డుల కొట్లో చేరతాయి. విమానాల కమిటీ 2014లో మూతపడుతూ తన చివరి పనిని ఏడీఎల్ చేతిలో పెట్టింది. స్కార్మ్ క్రమశిక్షణనూ ఎక్స్‌ఏపీఐ స్వేచ్ఛనూ కలిపే ఆ ఒప్పందం 2016లో బయటికొచ్చింది. దాని పేరు సీఎమ్‌ఐ5.

ఎక్స్‌ఏపీఐ అంటే నాకు ఇష్టమూ ఉంది, బెంగా ఉంది. పిల్ల ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగింది, ఏ ప్రశ్న ఎన్నిసార్లు తప్పింది అన్నదంతా వాక్యాలుగా పోగుపడుతుంది. మంచి టీచరు చేతిలో అది వరం. ప్రకటనలవాడి చేతిలో పడితే? మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. బళ్లు ఈ సంగతిని ఇప్పట్నుంచే పట్టించుకోవాలి.

స్కార్మ్‌కు దాయాదులు ఇంకా ఉన్నారు. ఒక వెబ్‌సైట్‌లో లాగిన్ అయినవాణ్ణి మళ్లీ పాస్‌వర్డ్ అడక్కుండా మరో సాధనంలోకి పంపి, మార్కులు వెనక్కి తెచ్చేది ఎల్‌టీఐ. 2010లో మొదలైన దీని వెనక మిషిగన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు చార్లెస్ సెవరెన్స్ కృషి చాలా ఉంది. ప్రశ్నల బ్యాంకును ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చుకోవడానికి క్యూటీఐ ఉంది. రెండూ ఐఎమ్‌ఎస్ సంఘానివే. ఆ సంఘం 2022లో వన్‌ఎడ్‌టెక్ అని పేరు మార్చుకుంది.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీలకు ఈ-లెర్నింగ్ కోర్సులు చేసిపెట్టే సంస్థలు ఎప్పట్నుంచో ఉన్నాయి. ‘స్కార్మ్ ప్యాకేజ్ పంపించావా’, ‘స్టేటస్ రావట్లేదు చూడు’ అన్నవి అక్కడ రోజూ వినపడే మాటలు. బళ్ల సంగతికొస్తే, 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది. బెంగళూరుకు చెందిన ఏక్‌స్టెప్ ఫౌండేషన్ ఉచితంగా విడుదల చేసిన సన్‌బర్డ్ సాఫ్ట్‌వేర్ మీద అది నడుస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ స్కాన్ చేస్తే పాఠం తెరిచే క్యూఆర్ కోడ్‌లు కనిపిస్తాయి. దీక్షా కోడ్ కింద ఆరు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఫోన్ కెమెరా సరిగా లేకపోతే వాటిని టైపు చేసినా పాఠం తెరుచుకుంటుంది. ఇలాంటి చిన్న ఏర్పాటు చూసినప్పుడు, దీన్ని ఆలోచించినవాళ్లు పల్లెటూరి బడిని చూసినవాళ్లే అనిపిస్తుంది.

పాఠాలు ఒకచోట నుంచి ఇంకోచోటికి కదలకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. యూనికోడ్ కాని ఫాంట్లలో దశాబ్దాల తరబడి అచ్చుకు తయారుచేసిన పుస్తకాలెన్నో, ఫైలు తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపిస్తున్నాయి. వెతికితే ఒక్క మాట దొరకదు, చూపులేనివాళ్లకు చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ వాటిని చదవలేదు. ఆన్‌లైన్ పాఠాలకూ ఆ గతి పట్టకూడదు.

కాబట్టి బడి నడిపేవాళ్లకు, కాలేజీ యాజమాన్యాలకు, కొనుగోలు కమిటీల్లో కూర్చునే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఎల్‌ఎమ్‌ఎస్ అమ్మడానికి వచ్చినవాళ్లు రంగురంగుల తెరలు చూపిస్తున్నప్పుడు వాళ్లను ఆపి అడగండి. మా టీచర్లు తయారుచేసిన పాఠాలను రేపు మేం వెళ్లిపోతే స్కార్మ్ మూటలుగా ఇస్తారా? ప్రశ్నల బ్యాంకు క్యూటీఐలో బయటికొస్తుందా, తెలుగు అక్షరాలు చెడకుండా వస్తుందా? పిల్లల రికార్డులు ఎవరివి, ఎక్కడుంటాయి, ఒప్పందం ముగిశాక ఎన్నాళ్లకు చెరిపేస్తారు? జవాబులు కాగితం మీద రాసిచ్చేదాకా సంతకం పెట్టకండి.