వడదెబ్బకు పోస్టుమార్టం

మండలంలో ఒక మనిషి వడదెబ్బతో పోయాడా లేదా అన్నది తేల్చేది ముగ్గురు: తహసీల్దారు, ఎస్సై, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు. ముగ్గురి సంతకాలూ పడితే అది వడదెబ్బ మరణం. పడకపోతే గుండెపోటు, కాదంటే అనారోగ్యం, అదీ కాదంటే వయసైపోయింది.

అసలు ఆ సంతకాల దాకా వెళ్లేవాళ్లే తక్కువ. మే నెలలో పొద్దంతా మేకల వెంట తిరిగొచ్చిన పెద్దాయన రాత్రి అన్నం వద్దంటాడు. రెండుసార్లు వాంతి అవుతుంది. ఒళ్లు పెనంలా కాలుతుంటుంది, చెమట మాత్రం ఉండదు. పొంతన లేని మాటలు మొదలవుతాయి. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెడతాడు. తెల్లారేసరికి మనిషి ఉండడు. ఈ ఎండలకు శవాన్ని ఎంతసేపు ఉంచుతామని బంధువులు మధ్యాహ్నంలోపే అంత్యక్రియలు కానిచ్చేస్తారు. పరిహారం వస్తుందని ఎవరో చెప్పాక ఇంటివాళ్లు ఆఫీసుకు వెళ్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న: ‘‘పోస్టుమార్టం చేయించారా?’’

చేయించినా తేలుతుందని లేదు. వడదెబ్బకు గట్టి ఆధారం మనిషి ప్రాణంతో ఉండగా చూసిన ఒంటి వేడి. ఎండలో తిరిగొచ్చిన మనిషికి అది నలభై డిగ్రీలు దాటి, మతి తప్పుతోందంటే అనుమానం దాదాపు అక్కర్లేదు. మర్నాడు బల్లమీదికి వచ్చిన శవంలో ఆ ఆధారం మిగలదు. డాక్టరు చేయగలిగింది మిగతా కారణాలను ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవడమే. అంత ఓపిక, అంత తీరిక ఏ మండల కేంద్రంలో ఉంది?

2015 మే నెల గుర్తుండే ఉంటుంది. ఆ వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది వడగాలులకు బలయ్యారని ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ అంకె మరుసటేడు 723కు, 2017లో 236కు దిగింది. 2018కి వచ్చేసరికి ఎనిమిది! ముందస్తు హెచ్చరికలు, చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ప్రాణాలు కాపాడాయన్నది నిజమే, కాదనను. కానీ ఈ తగ్గుదలలో చలివేంద్రం వాటా ఎంత, కాస్త కనికరించిన వాతావరణం వాటా ఎంత, పడని సంతకాల వాటా ఎంత? ఢిల్లీలోనూ లెక్కలు కలవవు. 2022లో వడదెబ్బకు 730 మంది చనిపోయారని జాతీయ నేర గణాంక సంస్థ రాసుకుంటే, అదే ఏడాదికి ఆరోగ్య శాఖ లెక్క నలభై కూడా దాటలేదు.

వాతావరణ న్యాయం అనగానే మనకు అంతర్జాతీయ సదస్సులు గుర్తొస్తాయి. అక్కడ మన వాదనకు బలముంది. ఏటా సగటు అమెరికన్ వాటా కింద గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ సుమారు 14 టన్నులు, సగటు భారతీయుడిది రెండు టన్నులు. నష్టపోయిన దేశాలకు సాయం చేసే నిధి పెట్టాలని 2022లో షర్మ్ ఎల్ షేక్ సదస్సులో ఒప్పించుకున్నాం కూడా. సగటు లెక్క చెప్పి నష్టం అడుగుతున్నాం సరే, ఆ రెండు టన్నుల్లో మేకల కాపరి వాటా ఎంతని? పైగా అతని చావే మన రిజిస్టర్లో లేకపోతే, ఏ నష్టం చూపించి అడుగుతాం?

మన సొంత నిబంధనలు ఇంకా విడ్డూరం. 15వ ఆర్థిక సంఘం కాలంలో కేంద్రం గుర్తించిన విపత్తులు పన్నెండు. తుపాను, వరద, కరవు, భూకంపం, చివరికి చలిగాలులూ ఆ జాబితాలో ఉండేవి. వడగాలి ఉండేది కాదు. చేర్చమని రాష్ట్రాలు అడిగితే ఆ సంఘం ఒప్పుకోలేదు. రాష్ట్రం తనంతట తాను విపత్తుగా ప్రకటించుకుంటే, విపత్తు నిధిలో పది శాతం దాకా వాడుకునే వీలుండేది, అంతే. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ఆ పని చేసి, పరిహారాన్ని నాలుగు లక్షల రూపాయలకు పెంచింది. మంచి నిర్ణయమే. ఆ డబ్బుకు దారి మాత్రం మళ్లీ మూడు సంతకాల మీదుగానే.

ఇక నీడ సంగతి. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ఎండను వెనక్కి కొట్టే తెల్లని పూత, పెంకులు వేయడం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టినవాటికే. అంతకన్నా చిన్న ఇల్లయితే యజమాని ఇష్టం. రేకుల కింద కాపురముండేవాళ్లలో ఎంతమందికి 600 గజాల స్థలం ఉందో పాలసీ రాసినవాళ్లకే తెలియాలి.

‘పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావద్దు’ అని ప్రతి ఏడూ ప్రకటన వస్తుంది. ఆ మాట అడ్డా మీద పనికోసం నిలబడ్డ కూలీకి, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీకి, తునికాకు కోసే గిరిజన మహిళకు ఎట్లా వర్తిస్తుంది? ఫ్యాక్టరీలో గాలి, ఉష్ణోగ్రత ఎట్లా ఉండాలో 1948 నాటి చట్టం చెప్పింది. ఆ చట్టం కప్పు కింద పనిచేసేవాళ్లకే వర్తించేది. ఆరుబయట పనిలో ఆడవాళ్ల అవస్థ ఇంకొకటి. చాటు లేనిచోట మూత్రానికి వెళ్లలేక నీళ్లు తాగడమే మానేస్తారు. ‘నీళ్లు ఎక్కువ తాగండి’ అన్న పోస్టరు వాళ్లకు ఏం చెబుతున్నట్టు? ఉపాధి హామీ పనిలో 2023 నుంచి హాజరుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేశారు. మొదటిదానికీ రెండోదానికీ నాలుగు గంటల తేడా ఉండాలన్నారు. తెల్లవారుజామునే వచ్చి పని ముగించుకున్నా, రెండో ఫొటో కోసం గట్టు మీద పడిగాపులు.

గుజరాత్‌లో పుట్టిన అసంఘటిత రంగ మహిళల సంఘం ‘సేవా’ మరో దారి చూపింది. శవాన్ని కాకుండా థర్మామీటరును సాక్షిగా పెట్టుకుంది. 2024లో వాళ్ల బీమాలో సుమారు 50 వేల మంది మహిళలు చేరారు. ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఖాతాలో 400 రూపాయలు పడ్డాయి. వేడి ఇంకా ముదిరినచోట బీమా సొమ్ము అదనం. సర్టిఫికెట్టు అడగలేదు, డాక్టరు సంతకం అడగలేదు. మొత్తం చిన్నదే, ఒకటి రెండు రోజుల కూలి. కానీ ‘ఇవాళ పనికి పోను’ అనగలిగే ధైర్యం విలువ అంతకన్నా ఎక్కువ.

నిజానికి ఇలాంటిది మనకు ముందే ఉండేది. ఉపాధి పనిలో కూలి కొలతను బట్టి వస్తుంది. ఎండకు నేల బండబారితే గడ్డపార దిగదు. పొద్దంతా తవ్వినా కొలత తగ్గుతుంది, కూలీ తగ్గుతుంది. అందుకే తెలుగు రాష్ట్రాల్లో వేసవి భత్యం కలిపేవారు. ఏప్రిల్, మే నెలల్లో అది 30 శాతం. మనిషి చచ్చిపోయాక కాకుండా పనిచేస్తుండగానే ఎండకు లెక్కకట్టిన ఏర్పాటు అది. రాష్ట్రాలు సొంత సాఫ్ట్‌వేర్ వదిలి కేంద్రం సాఫ్ట్‌వేర్‌కు మారాక ఆ భత్యం పోయింది. పథకానికి ఇప్పుడు ఏ పేరు పెట్టుకున్నా, ఆ 30 శాతాన్ని తిరిగి ఇవ్వడానికి ఏ అంతర్జాతీయ ఒప్పందమూ అక్కర్లేదు.