టెర్రస్ మీద మేక, పంజరంలో చిలుక: ఇంట్లో జంతువులపై రూల్స్ ఏం చెబుతున్నాయి?

బక్రీద్ దగ్గరపడితే హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంట్లలో ఏటా ఒకటే గొడవ. మూడో అంతస్తు వాళ్లు మేకపోతును తెచ్చి టెర్రస్ మీద కట్టేస్తారు. తెల్లారేసరికి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో పడుతుంది. ‘ఇది అపార్ట్‌మెంటా, దొడ్డా?’ అని ఒకరు. ‘మీ కుక్క రోజూ లిఫ్టులో తిరగొచ్చు గానీ మా బక్రా పది రోజులు ఉండకూడదా?’ అని ఇంకొకరు. సాయంత్రానికి విషయం పోలీస్ స్టేషన్ దాకా పోతుంది. నిజానికి ఆ ఇద్దరికీ రూల్ సరిగ్గా తెలియకపోవడమే చాలాసార్లు అసలు సమస్య.

ముందు కుక్క సంగతి. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో అపార్ట్‌మెంట్ సంఘాల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం పెంపుడు కుక్కలు ఉండకూడదని సంఘం తీర్మానం చేయలేదు. మెజారిటీ సభ్యులు ఒప్పుకున్నా సరే, ఆ తీర్మానం చెల్లదు. లిఫ్టు వాడొద్దనడం, ఎక్స్‌ట్రా చార్జీ వేయడం కూడా కుదరదు. బయటికి తెచ్చినప్పుడు తాడు కట్టమని, మలం ఎత్తేయమని మాత్రం అడగొచ్చు.

మేకకు ఈ రక్షణ అంత సులభంగా వర్తించదు. పండక్కి తెచ్చిన మేకను ‘పెంపుడు జంతువు’ అని వాదించడం కష్టం. పైగా టెర్రస్, పార్కింగ్, మెట్లు అందరి ఉమ్మడి ఆస్తి. అక్కడ ఏం పెట్టాలన్నా మిగతా ఫ్లాట్ల వాళ్లకూ మాట ఉంటుంది. అందుకే మేకను కొన్న తర్వాత పర్మిషన్ అడగడం కంటే నెల ముందే సంఘం మీటింగ్‌లో మాట్లాడుకోవడం మేలు. ఎక్కడ కట్టాలి, ఎన్ని రోజులు, పెంట ఎవరు ఎత్తాలి, జబహ్ ఎక్కడ అన్నది కాగితం మీద రాసుకున్న చోట గొడవలు తక్కువ. సొంత ఇల్లు, సొంత ఆవరణ ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు. కానీ మేకను రోడ్డు మీద కరెంటు స్తంభానికి కట్టేస్తే మున్సిపల్ సిబ్బంది అడగడానికి వీలుంటుంది. వాసన, మురుగు భరించలేని స్థాయికి వస్తే పొరుగువాళ్లు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించే దారి కూడా ఉంది. భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 152 అలాంటి ఇబ్బందులను తొలగించాలని ఆదేశించే అధికారం ఆయనకు ఇస్తుంది.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 సెక్షన్ 28 ప్రకారం ఒక మతం చెప్పిన పద్ధతిలో జంతువును వధించడం ఆ చట్టం కింద నేరం కాదు. ఆ మినహాయింపు వధించే పద్ధతికే. అంతకుముందు పది రోజులు దాన్ని ఎండలో కట్టేసి నీళ్లు పెట్టకపోయినా, మెడ తిప్పలేనంత పొట్టి తాడు వేసినా, బండిలో ఒకదాని మీద ఒకటి కుక్కి తెచ్చినా అది సెక్షన్ 11 కింద నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అవును, 1960లో రాసిన అంకె ఇప్పటికీ అదే. జరిమానా చిన్నదే అయినా పండగ ముందు కేసు, స్టేషన్ చుట్టూ తిరగడం చిన్నవి కావు.

ఇక అసలు ప్రమాదం ఎవరూ అనుకోని చోట ఉంది, అదే చిలుక. చాలా ఇళ్లల్లో దాదీమా కాలం నుంచి వరండాలో ఒక పంజరం, అందులో ‘మిట్టూ’ ఉంటుంది. సలాం చెబుతుంది, పిల్లల పేర్లు పిలుస్తుంది. ఆ రామచిలుక మన దేశపు అడవి పక్షి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రెండో షెడ్యూల్‌లో ఉంది. కొనడం, అమ్మడం, పంజరంలో పెట్టుకోవడం అన్నీ నేరమే. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘మేం పట్టలేదు, బజార్లో కొన్నాం’ అన్నది సమాధానం కాదు. నక్షత్ర తాబేలుది ఇంకా గట్టి కేసు. అది మొదటి షెడ్యూల్‌లో ఉంది, శిక్ష మూడేళ్లకు తగ్గదు. ఇంట్లో తాబేలు ఉంటే బర్కత్ వస్తుందని ఎవరో చెప్పిన మాట నమ్మి తెచ్చుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పటికే చిలుక ఉంటే ఏం చేయాలి? భయపడి డాబా మీద నుంచి ఎగరేయడం తప్పు. చిన్నప్పటి నుంచి పంజరంలో పెరిగిన పక్షికి తిండి వెతుక్కోవడం రాదు. కాకులకో, పిల్లులకో దొరికిపోతుంది. అటవీ శాఖకు అప్పగించడమే సరైన దారి.

పక్షులు పెంచాలని పిల్లలు పట్టుబడితే దారి లేకపోలేదు. మన దగ్గర చాలామంది లవ్‌బర్డ్స్ అని పిలిచే బడ్జీలు, కాక్‌టెయిల్స్ ఈ షెడ్యూళ్లలోకి రావు. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి ఖరీదైన విదేశీ పక్షులకు మాత్రం 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. వాటిని కొనేటప్పుడు ఆ కాగితాలు అడగండి. కాగితం లేదంటే ధర ఎంత తగ్గించినా వద్దు. కోళ్లు పెంచుకోవడానికి ఇలాంటి అడ్డు లేదు గానీ, వాటిని పందేలకు దింపితే అది నేరం.

గల్లీ కుక్కల విషయంలో భయం, కోపం రెండూ అర్థమయ్యేవే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయిన సంగతి ఈ నగరంలో ఏ తల్లీ మరచిపోలేదు. అయినా విషం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పిందేమిటంటే, కుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి తిరిగి అదే ఏరియాలో వదలాలి. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలకూడదు. రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టడం కుదరదు, దానికి వేరుగా స్థలం చూపించాలి. కాబట్టి కరిచే కుక్క ఉంటే వాట్సాప్ గ్రూపులో తిట్టుకోవడం కాదు, మున్సిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి. 2025 డిసెంబర్‌లో శివారు మున్సిపాలిటీలు జీహెచ్ఎంసీలో కలిశాక చాలామందికి ఏ ఆఫీసో తెలియడం లేదు. మీ డివిజన్ ఏ సర్కిల్ కిందికి వస్తుందో ముందే కనుక్కుని ఉంచుకోండి.

కుక్కను పెంచేవాళ్లు రేబిస్ టీకా సర్టిఫికెట్‌తో మున్సిపల్ లైసెన్స్ తీసుకోవాలి. ఏడాదికోసారి రెన్యువల్ ఉంటుంది. కాపలా కుక్కను గేటు తెరిచి వదిలేసి, అది ఎవరినైనా కరిస్తే సెక్షన్ 291 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

పిల్లిని పెంచే ఇళ్లల్లో మాత్రం టీకా మాటే వినిపించదు. పిల్లి ద్వారా కూడా రేబిస్ వస్తుంది. మూడు నెలల వయసు దాటగానే పిల్లికి టీకా వేయించాలి, ఆ తర్వాత ఏటా ఒకటి. కుక్క గానీ పిల్లి గానీ కరిచినా, గోళ్లతో గీరినా పసుపు, కారం పెట్టొద్దు. నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. నారాయణగూడలోని ఐపీఎంలో, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ టీకా వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు డోసులు ఉంటాయి. గాయం మానిపోయింది కదా అని చాలామంది ఎగ్గొట్టేది ఆ 28వ రోజు డోసే.