నగరము రాత్రివేళ ఎందుకు చల్లబడదు?

వేసవిలో సూర్యుడు క్రుంకిన రెండు గంటల తరువాత మేడగోడపై చేయి ఆనించి చూడుడు. గాలికంటె గోడయే వేడిగా తోచును. అదే సమయమున ఊరి వెలుపల పొలములమీదుగా వచ్చు గాలి చల్లగా నుండును. ఎండ రెండుచోట్లను ఒకటే గదా, ఈ భేదమెందుకు?

కాంక్రీటు, ఇటుక, తారురోడ్డు పగలు వేడిమిని పీల్చి దాచుకొని, రాత్రి మెల్లమెల్లగా విడుచును. ఇరుకు వీధులలో ఒక గోడ విడిచిన వేడిమిని ఎదుటిగోడ అందుకొనుటచే అది ఆకాశమునకు తేలికగా పోజాలదు. తడినేల, పచ్చని ఆకులు ఉన్నచోట ఎండశక్తిలో పెద్దభాగము నీటిని ఆవిరిచేయుటకే ఖర్చగును. ఒక గ్రాము నీటిని 0 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు కాచుటకు 100 కేలరీలు చాలును. మామూలు వేడిమివద్ద ఆవిరిచేయుటకో, సుమారు 580 కావలెను! చెట్టు, చెరువు పోయినచోట ఆ శక్తి గోడలను కాల్చుటకే మిగులును.

మన చెమట పనిచేయునదియు ఈ సూత్రముపైననే. గాలిలో తేమ హెచ్చినచో చెమట ఆరదు. పగలంతయు శ్రమించిన గుండెకు రాత్రియైనను విశ్రాంతి లేకున్నచో ప్రాణమునకే ముప్పు. 2010 మే నెలలో అహమ్మదాబాదున ఉష్ణోగ్రత 46.8 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరినది. ఆ నెలలో మామూలుకంటె 1,344 మరణములు అధికముగా జరిగినట్లు తరువాత లెక్కతేలినది.

2013లో ఆ నగరపాలక సంస్థ ఒక ప్రణాళికను ఆరంభించినది. ముందస్తు హెచ్చరికలు, త్రాగునీటి ఏర్పాట్లు, వైద్యులకు శిక్షణ అందులోనివి. ఆ నగరమందే ఒక ఆసుపత్రిలో పై అంతస్తున, కప్పుక్రిందనే ఉన్న ప్రసూతి వార్డును క్రిందికి మార్చగా, వేడిమిచే జబ్బుపడు శిశువులు తగ్గిరి. కప్పుకు దూరమగుటయే అక్కడ మందైనది.

ఒంటి అంతస్తు ఇంటివారు ఎక్కడికి దిగుదురు? వారు కప్పునే మార్చుకొనవలెను. తెల్లనిపూత ఎండలో ఎక్కువభాగమును తిప్పికొట్టును. లోనికి చేరిన కొద్ది వేడిమినిగూడ పరారుణ కిరణములుగా ఆకాశమునకు సులభముగా విడుచును. మెరయు రేకు మొదటిపని కొంత చేసినను, రెండవది సరిగా చేయజాలదు. రేకులయిల్లు కుంపటియగుట అందుచేతనే. పూతపై దుమ్ము చేరినకొలది ఫలితము తగ్గును గనుక ఏటేట వేసవికి ముందు కడుగవలెను.

తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు, ఆపైన స్థలములోని ఇండ్లకును అది తప్పనిసరి. అంతకు చిన్నవానికి ఐచ్ఛికము. కాని ఎక్కువగా ఉడికిపోవునది ఒక్కగది రేకుల ఇంటివారే. వారికి రంగుడబ్బా ఖర్చును ఎవరైనను ఇచ్చినగాని ఆ ఐచ్ఛికమునకు అర్థముండదు.

దీనిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఒకేమాదిరి రెండు రేకుడబ్బాలు తెచ్చి, ఒకదానికి వెలుపల తెల్లరంగు పూయుడు. మూతల రంధ్రములనుండి ఉష్ణమాపకములను దింపి మధ్యాహ్నపుటెండలో ఉంచుడు. జ్వరము చూచునది పనికిరాదు, ప్రయోగశాలలోనిదే కావలెను. ఐదు నిమిషములకొకసారి రెండింటి అంకెలను వ్రాసికొనుడు.